పోర్టల్‌లో ఉన్న బిల్లు, మన దగ్గర లేని బిల్లు: ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ కేసు

సంస్థ పేరు, ఊరు చెప్పను. కోస్తాలో ఒక మోస్తరు పట్టణం, మందుల హోల్‌సేల్ వ్యాపారం. చుట్టుపక్కల మండలాల మెడికల్ షాపులు ఇక్కడి నుంచే సరుకు తెప్పించుకుంటాయి. ముందు నాలుగు బిల్లింగ్ కౌంటర్లు, వెనక గోడౌన్, రోజుకు 200 పైచిలుకు బిల్లులు. అందులో సగానికి పైగా సాయంత్రం నాలుగింటికి, ఏడింటికి మధ్యనే పడతాయి. షాపుల వాళ్లు మధ్యాహ్నం దాకా అమ్ముకుని, ఏవి అయిపోయాయో చూసుకుని అప్పుడు ఫోన్ చేస్తారు. డెలివరీ ఆటోలు ఏడున్నరకు కదలాలి. సాఫ్ట్‌వేర్‌ను ఒక చిన్న బృందం జావాలో రాసింది, అడుగున మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. ఆరేళ్లు పెద్ద గొడవ లేకుండా నడిచింది. బిల్లు నంబర్లు, గుర్తుపట్టే వివరాలు ఇక్కడ మార్చాను. జరిగిన క్రమం మాత్రం మార్చలేదు.

గొడవ 2022 అక్టోబరు తర్వాత మొదలైంది. జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ నిబంధన 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవర్ దాటిన సంస్థలతో మొదలై, మెట్టు మెట్టుగా కిందికి దిగుతూ 2022 అక్టోబరు 1 నాటికి 10 కోట్లు దాటినవాళ్లను పట్టుకుంది. మన డిస్ట్రిబ్యూటర్ ఆ మెట్టు మీద దొరికారు. అప్పటి నుంచి జీఎస్టీ నంబరున్న షాపుకు వేసే ప్రతి బిల్లునూ ప్రభుత్వ పోర్టల్‌కు పంపాలి. పోర్టల్ దాన్ని నమోదు చేసుకుని 64 అక్షరాల ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్యను, సంతకం చేసిన క్యూఆర్ కోడ్‌ను తిరిగి ఇస్తుంది. ఆ కోడ్ బిల్లు మీద అచ్చవ్వాలి. ఐఆర్‌ఎన్ లేని బిల్లు చట్టం దృష్టిలో బిల్లే కాదు.

బృందం ఆ పోర్టల్ పిలుపును తీసుకెళ్లి, అప్పటికే ఉన్న సేవ్ ఫంక్షన్‌లో కమిట్‌కు, అంటే మార్పులు డేటాబేస్‌లో ఖాయమయ్యే చోటుకు, ఒక్క అడుగు ముందు పెట్టింది. తర్వాత వాళ్లను తప్పుపట్టినవారున్నారు కానీ, వాళ్ల తర్కం తెలివితక్కువది కాదు. ఐఆర్‌ఎన్ రాకపోతే బిల్లు లేనట్టే, కాబట్టి రాకపోతే అంతా రోల్‌బ్యాక్ అయిపోవాలి, అంటే చేసినదంతా వెనక్కి పోవాలి, వస్తేనే కమిట్ కావాలి. కాగితం మీద ఇంతకన్నా శుభ్రమైన ఆలోచన లేదు.

నన్ను పిలిచింది ఎనిమిది నెలల తర్వాత. అప్పటికి ఫిర్యాదులు మూడు.

ఒకటి, సాయంత్రం నాలుగు కౌంటర్లూ ఒకేసారి బిగుసుకుపోతున్నాయి. రెండు, స్టాకు లెక్క తప్పుతోంది, అదీ ఒకే దిశలో: కంప్యూటర్‌లో సున్నా, రాక్‌లో సరుకు. గోడౌన్ చూసే పెద్దాయన ఒక రూళ్ల నోటుబుక్కులో ఇవన్నీ రాసుకుంటూ వచ్చారు. "సార్, దొంగతనమైతే సరుకు తగ్గాలి కదండీ, ఇక్కడ పెరుగుతోంది" అన్నారు. కంప్యూటర్ సున్నా చూపిస్తున్న బ్యాచ్‌ని బిల్లింగ్ ఎంచుకోదు. ఆ స్ట్రిప్పులు అలాగే పడి ఉండి గడువు తేదీకి దగ్గరవుతున్నాయి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఒక షాపు అకౌంటెంట్ నెలాఖరులో ఫోన్ చేసి, మీ బిల్లు 4127 మా జీఎస్టీఆర్-2బీలో, అంటే మేం కొన్నట్టు పోర్టల్ చూపే బిల్లుల జాబితాలో, కనిపిస్తోంది, ఆ సరుకు మాకు రాలేదు అన్నాడు. మన సిస్టమ్‌లో 4127 ఇంకో షాపు పేరున ఉంది. ఆ రెండో షాపు దగ్గరున్న బిల్లు మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే మొదటి షాపు జీఎస్టీ నంబరు వస్తోంది.

ఈ మూడూ ఒకే చెట్టు కొమ్మలని మొదటి వారం నాకు తోచలేదు. మూడు వేర్వేరు బగ్గులుగానే పట్టుకున్నాను.

సేవ్ బటన్ నొక్కాక లోపల జరిగేది ఇది. బిల్లులో ఉన్న వరుసల ప్రకారం ఒక్కో మందు బ్యాచ్‌లో స్టాకు తగ్గిస్తారు. వరుసలన్నీ అయ్యాక నంబర్ల టేబుల్‌లో ఉన్న ఒకే ఒక్క వరుసను ఒకటి పెంచి బిల్లు నంబరు తీసుకుంటారు. ఆ నంబరుతో పోర్టల్‌ను పిలుస్తారు. జవాబు వచ్చాక బిల్లును, షాపు ఖాతాను రాసి కమిట్ చేస్తారు. పోర్టల్ మామూలుగా ఒకటి రెండు సెకన్లలో జవాబిస్తుంది, రద్దీలో ఇరవై ముప్పై దాకా లాగుతుంది. అంతసేపూ ఆ బిల్లు తగ్గించిన బ్యాచ్‌లన్నిటి మీదా, నంబరు మీదా లాకులు, అంటే వాటిని ఇంకొకరు మార్చకుండా డేటాబేస్ వేసే తాళాలు, అలాగే ఉంటాయి. నంబరు వరుస ఒక్కటే కాబట్టి నాలుగు కౌంటర్లూ ఒకదాని వెనక ఒకటి నిలబడాల్సిందే. జ్వరాల కాలంలో పారాసిటమాల్ 650 లేని బిల్లు ఉండదు. ఆ బ్యాచ్ దగ్గర ఇంకో క్యూ.

మొదటి ప్రయత్నం నాకన్నా ముందే జరిగింది. లాక్ కోసం ఎదురుచూసే గడువు మామూలుగా 50 సెకన్లు, దాన్ని 120 చేశారు. డేటాబేస్ కనెక్షన్ల సంఖ్యా పెంచారు. ఎర్రర్లు తగ్గాయి, ఆపరేటర్ల ఓపికా తగ్గింది. రెండు నిమిషాలు ఎవరు చూస్తారు? స్క్రీన్ మూసి, మళ్లీ తెరిచి, అదే బిల్లు మళ్లీ కొట్టారు. మూసిన స్క్రీన్ తాలూకు పని మాత్రం సర్వర్‌లో లాకులు పట్టుకుని బతికే ఉంది. దాంతో జంట బిల్లులు కూడా మొదలయ్యాయి. మా బృందం గడువును తిరిగి 50కి దించింది.

రెండో పొరపాటు నాది. ఒకేసారి నడిచే పనులను ఒకదాని నుంచి ఒకటి ఎంత విడిగా ఉంచాలో చెప్పేది ఐసొలేషన్ స్థాయి. మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా అది రిపీటబుల్ రీడ్, అందులో వరుసల మధ్య ఖాళీల మీద కూడా లాకులు పడతాయి. ఆ గ్యాప్ లాకులే ఆలస్యానికి కారణమై ఉంటాయని ఊహించి, దానికన్నా సడలింపు ఉన్న రీడ్ కమిటెడ్ స్థాయికి మార్పించాను. ఏ మార్పూ కనబడలేదు. తర్వాతగానీ ఎవరు ఏ లాక్ కోసం ఆగారో చూపించే పట్టికను రద్దీ వేళ తెరిచి చూడలేదు. ఆగినవాళ్లందరూ ఖాళీల దగ్గర కాదు, అసలు వరుసల దగ్గరే ఆగారు: నంబరు వరుస, ఇంకో అయిదారు మందుల బ్యాచ్‌లు. ముందు చూడాల్సినదాన్ని చివర చూశాను. ఆ మార్పును వెనక్కి తీసుకున్నాం.

మూడో ప్రయత్నం ఆశ పుట్టించింది. నంబరు దగ్గరే కదా క్యూ కడుతున్నారు, నంబరును వేరే చిన్న ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ ఖాయమయ్యే, లేకపోతే అన్నీ వెనక్కి పోయే పనుల కట్టలో) తీసుకుని వెంటనే కమిట్ చేస్తే సరి. జావా ఫ్రేమ్‌వర్క్‌లో దీనికి ఒక్క మాట మారిస్తే చాలు. మార్చాం. కౌంటర్లు తేలికపడ్డాయి. రెండు రోజులకు రెండు చిక్కులు వచ్చాయి. లోపలి ట్రాన్సాక్షన్‌కు ఇంకో కనెక్షన్ కావాలి, బయటిది తన కనెక్షన్ వదలదు. రద్దీ వేళ కనెక్షన్లన్నీ బయటివాళ్ల చేతుల్లోనే ఉండి, అందరూ రెండో దాని కోసం ఎదురుచూస్తూ నిలిచిపోయారు. దీన్ని డేటాబేస్ డెడ్‌లాక్‌గా, అంటే ఒకరి కోసం ఒకరు ఆగిపోయిన ముడిగా, గుర్తించదు, ఎందుకంటే ఆగింది డేటాబేస్‌లో కాదు. రెండోది, పోర్టల్ తిరస్కరించిన ప్రతి బిల్లూ ఒక నంబరును మింగేసింది. జీఎస్టీ 46వ నియమం ప్రకారం బిల్లు నంబర్లు వరుస క్రమంలో ఉండాలి. అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లో పదమూడో పట్టిక ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, మొత్తం ఎన్ని, అందులో రద్దయినవి ఎన్ని అని అడుగుతుంది. చార్టర్డ్ అకౌంటెంట్ గారు ఖాళీ నంబర్ల జాబితా పంపి, వీటికి కారణం రాయండి అన్నారు. సమాధానం లేదు. ఆ నంబర్లతో ఏం చేయబోయామో ఎక్కడా రాసిలేదు, ఎందుకంటే అంతా రోల్‌బ్యాక్ అయింది.

స్టాకు చిక్కు విడింది పెద్దాయన నోటుబుక్కు వల్ల. ఆయన రాసిన మందులు ఏయే రోజు ఏయే బిల్లుల్లో వెళ్లాయో పక్కపక్కన పెట్టి చూశాం. కొన్ని బిల్లుల్లో మందులన్నీ రెండుసార్లు తగ్గాయి. కొన్నిటిలో సగమే. ఆ సగం తీరు విచిత్రంగా ఉంది: ఒక 14 వరుసల బిల్లులో మొదటి ఎనిమిదీ రెండుసార్లు తగ్గాయి, తొమ్మిదో వరుస నుంచి సరిగ్గా ఉన్నాయి. తొమ్మిదో వరుసలో ఉన్నది పారాసిటమాల్ 650. ఇంకో బిల్లులో అయిదు దాకా తప్పు, ఆరో వరుసలో మళ్లీ అదే మందు.

కోడ్‌లో ఒక రీట్రై ఉంది. డేటాబేస్ నుంచి లాక్ తాలూకు ఎర్రర్ ఏది వచ్చినా, అదే కనెక్షన్ మీద బిల్లును మొదటి వరుస నుంచి మళ్లీ సేవ్ చేయడం. ఎర్రర్ వస్తే డేటాబేస్ తనంతట తాను అంతా వెనక్కి తీసుకుంటుందనే నమ్మకంతో రాసినది. డెడ్‌లాక్ విషయంలో, అంటే ఎర్రర్ 1213లో, అది నిజం. మొత్తం ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అవుతుంది. కానీ గడువు దాటితే వచ్చే ఎర్రర్ 1205 వేరు. మైఎస్‌క్యూఎల్ మామూలు అమరికలో అప్పుడు ఆగిపోయిన ఆ ఒక్క వాక్యాన్నే వెనక్కి తీసుకుంటుంది. అంతకు ముందు చేసినవన్నీ ట్రాన్సాక్షన్‌లో అలాగే ఉంటాయి, కమిట్ చేయాలో రోల్‌బ్యాక్ చేయాలో తేల్చుకోవలసింది మనమే. పారాసిటమాల్ దగ్గర 50 సెకన్లు ఆగి 1205 వచ్చింది. పైన తగ్గించిన ఎనిమిదీ అలాగే ఉన్నాయి. రీట్రై వాటిని ఇంకోసారి తగ్గించింది. ఈసారి పారాసిటమాల్ లాక్ దొరికింది, బిల్లు పూర్తయింది, కమిట్ అయింది. నంబరు దగ్గర ఆగిన బిల్లుల్లో మందులన్నీ అప్పటికే తగ్గి ఉన్నాయి కాబట్టి అన్నీ రెండుసార్లు తగ్గాయి.

ఈ రీట్రై ఆరేళ్లుగా ఉంది. పోర్టల్ రాకముందు ఏ లాకూ 50 సెకన్లు ఆగలేదు, కాబట్టి 1205 అనేదాన్ని ఎవరూ చూడలేదు. స్టాకు కూడా ఒక్క గడిలో అంకెగానే ఉంది, ఎప్పుడు ఎంత ఎందుకు తగ్గిందో రాసే రిజిస్టర్ లేదు. ఆ నోటుబుక్కే లేకపోతే ఇది ఇంకెంతకాలానికి దొరికేదో చెప్పలేను.

4127 సంగతి కూడా ఇప్పుడు అర్థమైంది. పోర్టల్‌కు బిల్లు చేరింది, నమోదైంది, జవాబు మాత్రం సమయానికి రాలేదు. మన వైపు రోల్‌బ్యాక్. నంబరు కూడా 4126కు వెనక్కి వెళ్లింది. తర్వాతి కౌంటర్ వేరే షాపుకు అదే 4127 తీసుకుంది. ఐఆర్‌ఎన్ అనేది అమ్మేవారి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం నంబరు, ఈ నాలుగింటి నుంచే లెక్కగట్టే హ్యాష్. కొనేవారి పేరు అందులో లేదు. కాబట్టి పోర్టల్‌కు అది పాత బిల్లే, డూప్లికేట్ అని ఎర్రర్ ఇచ్చింది. ఎవరో ఒక ప్రోగ్రామర్ ఆ ఎర్రర్‌కు విరుగుడుగా, డూప్లికేట్ అంటే ముందే నమోదైనట్టే కదా అని, అక్కడున్న ఐఆర్‌ఎన్‌ను తెచ్చి బిల్లుకు అతికించాడు. మొదటి షాపు కోడ్ రెండో షాపు బిల్లు మీదికి అలా చేరింది. ఐఆర్‌ఎన్‌ను పోర్టల్‌లో 24 గంటల లోపే రద్దు చేయగలం. నెలాఖరులో తెలిసింది కాబట్టి క్రెడిట్ నోటు రాయడం తప్ప దారి లేకపోయింది.

రోల్‌బ్యాక్ మన డేటాబేస్‌లో జరిగినదాన్ని జరగనట్టు చేయగలదు. గడప దాటి వెళ్లిన మాటను వెనక్కి తేలేదు. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే, మాకందరికీ తెలిసిందే. అయినా సేవ్ బటన్ ఒక్కటి కాబట్టి ట్రాన్సాక్షన్ కూడా ఒక్కటే అన్న అలవాటు మా కళ్లను కప్పింది.

ట్రాన్సాక్షన్‌కు గీత ఎక్కడ గీయాలో నిర్ణయించే ముందు ఒక సాయంత్రమంతా గోడౌన్‌లో కూర్చున్నాను. యజమాని ఒకటే అడిగారు: "ఐఆర్‌ఎన్ లేకుండా సరుకు బయటికి పంపకూడదు. మీరు దాన్ని తర్వాత తెస్తామంటే ఎలాగండీ?" ఆయన అన్నది న్యాయమే. కానీ గోడౌన్‌లో నాకు కనబడింది ఇంకోటి. కౌంటర్‌లో బిల్లు ఖరారయ్యాక, రాక్‌ల మధ్య తిరిగి మందులు తీసి, బ్యాచ్ చూసి, అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టేసరికి పది పదిహేను నిమిషాలు పడుతోంది. బిల్లు కాగితం అవసరమయ్యేది పెట్టె కట్టాక. ఐఆర్‌ఎన్ కోసం ఆపాల్సింది ఆపరేటర్‌ను కాదు, ప్రింటర్‌ను.

దాంతో పని రెండుగా విడిపోయింది. మొదటి ట్రాన్సాక్షన్‌లో స్టాకు, దాని రిజిస్టర్, షాపు ఖాతా, బిల్లు, చివరగా నంబరు, దానితోపాటు పోర్టల్‌కు పంపాల్సినవాటి టేబుల్‌లో ఒక వరుస. అన్నీ మన డేటాబేస్‌లోనివే, బయటి పిలుపు ఒక్కటీ లేదు. నంబరును చివర పెట్టింది దాని లాక్ కమిట్‌కు ముందు కొన్ని మిల్లీసెకన్లే ఉండాలని. ట్రాన్సాక్షన్ విఫలమైతే నంబరు కూడా వెనక్కి వెళ్తుంది, ఆ నంబరు ఇంకా గడప దాటలేదు కాబట్టి ఇప్పుడు అది తప్పు కాదు. మందుల వరుసలను ఆపరేటర్ కొట్టిన క్రమంలో కాకుండా బ్యాచ్ గుర్తింపు సంఖ్య క్రమంలో తగ్గించాం. అందరూ ఒకే క్రమంలో లాకులు తీసుకుంటే ఒకరికొకరు అడ్డం పడే డెడ్‌లాకులు దాదాపు పోతాయి. "మిగిలింది ఇంతకు తగ్గకుండా ఉంటేనే తగ్గించు" అన్న షరతును అప్‌డేట్ వాక్యంలోనే పెట్టి, మారిన వరుసలు సున్నా అయితే స్టాకు చాలదని చెప్పించాం. రీట్రై ఉంది కానీ, ముందు తప్పనిసరిగా రోల్‌బ్యాక్, తర్వాతే మళ్లీ మొదలు. బిల్లు స్క్రీన్ తెరిచినప్పుడే ఒక గుర్తింపు సంఖ్య పుడుతుంది. అదే సంఖ్యతో రెండోసారి సేవ్ వస్తే కొత్త బిల్లు పుట్టదు, మొదటి బిల్లే తిరిగి వస్తుంది.

రెండో పని చేసేది వెనక నడిచే ఒక ప్రోగ్రామ్. అది టేబుల్ నుంచి ఒక వరుస తీసుకుని, "నేను చూస్తున్నాను" అని సమయం రాసి కమిట్ చేసి, ఆ తర్వాతే పోర్టల్‌ను పిలుస్తుంది. వరుస మీద లాక్ పట్టుకునే పిలిస్తే సులువని బృందంలో ఒకరన్నారు. పాత ఇంట్లో చేసిన తప్పునే కొత్త ఇంట్లోకి తెచ్చుకోవడం ఎందుకని నేను ఒప్పుకోలేదు. జవాబు మధ్యలో పోయినా ఇప్పుడు భయం లేదు, మళ్లీ పంపితే డూప్లికేట్ అంటుంది. అప్పుడు పోర్టల్‌లో ఉన్న బిల్లును తెప్పించి, కొనేవారి జీఎస్టీ నంబరు, మొత్తం సొమ్ము మన బిల్లుతో సరిపోలితేనే ఐఆర్‌ఎన్ రాసుకుంటుంది. సరిపోలకపోతే ఆగిపోయి మనిషిని పిలుస్తుంది.

పోర్టల్ తిరస్కరిస్తే? షాపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దయి ఉంటే అలా జరుగుతుంది. బిల్లును చెరిపేయకుండా రద్దు అని గుర్తు పెట్టి, స్టాకుకూ ఖాతాకూ ఎదురు పద్దు రాస్తాం. నంబరు రద్దయినవాటి లెక్కలో చేరుతుంది, పక్కన కారణం ఉంటుంది. చార్టర్డ్ అకౌంటెంట్ గారు దీనికి అభ్యంతరం చెప్పలేదు. ఆయనకు కావలసింది ఖాళీ లేకపోవడం కాదు, ఖాళీకి జవాబు ఉండడం.

అప్పు పరిమితి దగ్గర చాలాసేపు వాదించుకున్నాం. రెండు కౌంటర్లు ఒకే షాపుకు ఒకేసారి బిల్లు వేస్తే, ఇద్దరికీ మిగిలిన పరిమితి ఒకటే కనిపిస్తుంది, ఇద్దరూ దాటిపోతారు. షాపు వరుసను ముందే లాక్ చేస్తే ఇది ఆగుతుంది. నేను చేసేద్దామన్నాను. యజమాని వద్దన్నారు. "నాలుగు వేలు ఎక్కువైతే నేను మునిగిపోనండీ. బిల్లు ఆగితే వాడు పక్క డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేస్తాడు." లేని మందును అమ్మడం ఆయనకు క్షమించరాని తప్పు, పరిమితి కాస్త దాటడం రోజువారీ బేరం. ఆ తేడా డేటాబేస్‌కు తెలియదు, నాకూ తెలియలేదు. లాక్ పెట్టలేదు, పరిమితి దాటిన షాపుల జాబితా రాత్రి ఆయన ఫోనుకు వెళ్తుంది.

కొత్త పద్ధతి మొదలైన మొదటి వారంలోనే ఒక సాయంత్రం దెబ్బ తిన్నాం. పోర్టల్‌లోకి ప్రవేశించే టోకెన్‌కు ఆరు గంటలే ఆయువు. గడువు తీరాక కొత్తది తెచ్చుకోవడం మా ప్రోగ్రామ్‌కు సరిగా రాలేదు. నలభై నిమిషాలపాటు ఒక్క బిల్లూ నమోదు కాలేదు, ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. కౌంటర్లు చక్కగా నడుస్తున్నాయి మరి. పెట్టెలు కట్టి ఆటోల దగ్గర పేర్చాక, బిల్లులు ఎక్కడని డ్రైవర్లు అరిచినప్పుడు తెలిసింది. పాత పద్ధతిలో పోర్టల్‌కు జలుబు చేస్తే నాలుగు కౌంటర్లూ తుమ్మేవి. కొత్త పద్ధతిలో జబ్బు చప్పుడు చేయదు. గోడౌన్‌లో ఒక స్క్రీన్ పెట్టి, అయిదు నిమిషాలు దాటినా ఐఆర్‌ఎన్ రాని బిల్లులను ఎర్రగా చూపిస్తున్నాం. ఇది మొదటి రోజే ఉండవలసింది.

పాత స్టాకును సరిచేయడానికి ఒక ఆదివారం గోడౌన్ మూసి లెక్కపెట్టాం. అంకెను దిద్దేయకుండా, ప్రతి తేడాకూ రిజిస్టర్‌లో సర్దుబాటు పద్దు రాయించాను. పాత కోడ్‌లోని రీట్రై ఇంకెక్కడైనా ఉందేమో వెతికాను. గడువు తీరిన మందులను కంపెనీకి తిప్పి పంపే స్క్రీన్‌లో అదే దొరికింది, అక్షరం మారకుండా. అక్కడ పోర్టల్ లేదు, రద్దీ లేదు, ఇప్పటిదాకా దెబ్బా లేదు. యజమాని, నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడమన్నారు. నోటుబుక్కు పెద్దాయన నా వైపు చూశారు. ఆ స్క్రీన్ పని వచ్చే నెలకు ఒప్పించుకున్నాం.